దరఖాస్తు పెట్టే ముందు



కిందటి సంచికలో ఫిక్సెడ్ డిపాజిట్ల మీద టి.డి.ఎస్. గురించి రాస్తే పన్నెండు ఉత్తరాలు వచ్చాయి. వాటిలో టి.డి.ఎస్. గురించి అడిగినవి మూడే. మిగిలిన తొమ్మిదింటిలోనూ ఒకటే మాట: "మా అబ్బాయికి డిగ్రీ అయి రెండేళ్ళయింది, మీ ఎరుకలో ఏమైనా ఉంటే చూడండి." షోలాపూర్ నుంచి ఒకరు, హోసూరు నుంచి ఇద్దరు, యానాం నుంచి ఒకరు, మిగతా అయిదుగురూ మా బరంపురం చుట్టుపక్కల వారే. అందుకని ఈసారి డబ్బు దాచుకునే సంగతి పక్కన పెట్టి, మన పిల్లలు ఉన్న ఊళ్ళోనే ఉద్యోగం వెతుక్కోవడం గురించి రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం తేల్చేస్తాను. బ్యాంకులో పనిచేసేవాడు ఎవరినీ బ్యాంకులో వేయించలేడు. నేను పరీక్ష రాసిన రోజుల్లో బి.ఎస్.ఆర్.బి. ఉండేది. ఇప్పుడు ప్రభుత్వ రంగ బ్యాంకులకు 2011 నుంచి ఐ.బి.పి.ఎస్. వారి ఉమ్మడి పరీక్ష, స్టేట్ బ్యాంకుకు దాని సొంత పరీక్ష. అక్కడ మేనేజరు మాట గానీ మంత్రి గారి మాట గానీ చెల్లదు. "నేను చెప్పి వేయిస్తాను, కొంచెం ఖర్చవుతుంది" అని ఎవరైనా అంటే ఆ మనిషికి టీ ఇచ్చి పంపేయండి, అంతకుమించి ఏమీ ఇవ్వకండి.

అలాగని "చూడండి" అన్న మాటకు మాకు పూచీ లేదని కాదు. అది నాకు ఈ మధ్యనే తెలిసొచ్చింది.

మా వీధిలో ఒక కుర్రాడున్నాడు. బి.కాం. పాసయ్యాడు. తండ్రి పట్టుచీరల దుకాణంలో లెక్కలు రాస్తారు. కిందటి ఠాకురాణి యాత్ర రోజుల్లో గుడి దగ్గర కనబడి, "బాబాయ్ గారూ, ఏదైనా ఉంటే చూడండి" అన్నాడు. "తప్పకుండా చూద్దాం బాబూ" అన్నాను. ఇంటికి వచ్చాను, మరచిపోయాను. మనవాళ్ళలో 'చూద్దాం' అంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఎనిమిది నెలల తర్వాత ఒక రాత్రి తొమ్మిదింటికి వాళ్ళ నాన్నగారు పాస్‌బుక్కు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఖాతా మా బ్యాంకులోది కాదు. కానీ బ్యాంకు అన్న మాట వినబడితే మన వీధిలో నా దగ్గరికే వస్తారు. కొడుకు ఖాతా స్తంభించిపోయింది. ఏ.టి.ఎం.లో వంద రూపాయలు కూడా రావడం లేదు. చెల్లెలి కాలేజీ ఫీజు కోసం చీటీ పాడిన డబ్బు కూడా అందులోనే ఉంది.

జరిగింది ఇదీ. టెలిగ్రాంలో ఒక ప్రకటన చూశాడు. 'పేమెంట్ ప్రాసెసింగ్ ఎగ్జిక్యూటివ్' అని గొప్ప పేరు. ఇంట్లో కూర్చుని పని. తన ఖాతాలోకి వచ్చే డబ్బును వాళ్ళు చెప్పిన ఖాతాలకు పంపాలి, నూటికి రెండు రూపాయలు తను ఉంచుకోవాలి. రంగుల ముద్ర వేసి ఆఫర్ లెటరు కూడా పంపారు. మూడు వారాల్లో అతని ఖాతా గుండా నాలుగు లక్షలు వెళ్ళాయి. అతనికి మిగిలింది ఎనిమిది వేలు. ఆ నాలుగు లక్షలూ ఎక్కడో వేరే రాష్ట్రంలో ఒక పెద్దాయనను మోసగించి లాగిన డబ్బు. ఆయన సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు నడిచిన గొలుసులోని ఖాతాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి.

బ్యాంకు భాషలో ఇలాంటి వాటిని 'మ్యూల్' ఖాతాలంటారు. మ్యూల్ అంటే కంచరగాడిద, ఎవరి బరువో మోసేది. కుర్రాడు దొంగ కాడు. అయితే పోలీసులకు ముందుగా కనబడేది ఖాతా ఎవరి పేరున ఉందనే. వెనక ఉన్నవాడికి పేరూ లేదు, ఊరూ లేదు.

"నాకు ఉద్యోగం వచ్చిందనుకున్నాను బాబాయ్ గారూ. అమ్మ వీధిలో మిఠాయి కూడా పంచింది" అన్నాడు. ఆ మిఠాయి మా ఇంటికీ వచ్చింది. నేనూ తిన్నాను. ఏం ఉద్యోగం బాబూ అని మాత్రం అడగలేదు.

తర్వాత ఆలోచిస్తే ఒకటి తట్టింది. ఆ కుర్రాడు నన్నొక్కడినే కాదు, మన సంఘంలో ఆరేడుగురు పెద్దల్ని అడిగాడు. అందరం 'చూద్దాం' అన్నాం. 'రేపటి నుంచి చేరండి' అన్నవాడు ఆ టెలిగ్రాం వాడొక్కడే.

మనం ఎందుకు చూడలేకపోతున్నాం? బద్ధకం కొంత ఉంది, ఒప్పుకోవాలి. కానీ అదొక్కటే కాదు. అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అనే సమాజ శాస్త్రవేత్త 1973లో ఒక వ్యాసం రాశారు. బాస్టన్ దగ్గర న్యూటన్ అనే ఊళ్ళో, తెలిసినవారి ద్వారా ఉద్యోగం సంపాదించినవారిని పట్టుకుని, ఆ తెలిసినవారిని ఎంత తరచుగా కలుస్తుంటారని అడిగారు. తరచుగా కలిసేవారి ద్వారా ఉద్యోగం దొరికినవారు నూటికి 17 మందే. మిగతావారికి ఎప్పుడో ఒకసారి కనబడే పరిచయస్తుల ద్వారానే దొరికింది. కారణం చూడబోతే చాలా మామూలుది. మన దగ్గరివారికి తెలిసిన కబుర్లు మనకూ తెలిసినవే. కొత్త కబురు రావాలంటే మన గుంపు బయటి మనిషి కావాలి. లింక్డిన్‌లో రెండు కోట్ల మందిని అయిదేళ్ళ పాటు గమనించి 2022లో 'సైన్స్' పత్రికలో వేసిన పరిశోధనలోనూ దాదాపు ఇదే తేలింది: మరీ దగ్గరివారూ కాదు, బొత్తిగా ముక్కూమొహం తెలియనివారూ కాదు, ఆ రెంటికీ మధ్యనున్న పరిచయాలే ఎక్కువ పనికొచ్చాయి.

మన సంగతి చూసుకుందాం. మూడు నాలుగు తరాలుగా ఈ ఊళ్ళలో ఉన్నాం. పెళ్ళికి వెళ్ళినా, ఉగాది పచ్చడికి వెళ్ళినా, సంఘం వారి త్యాగరాజ ఆరాధనకు వెళ్ళినా అవే ముఖాలు. ఎంతో హాయిగా ఉంటుంది. కానీ ఆ వంద మందికీ తెలిసిన ఖాళీలు కలిపితే అయిదారుండవు. నేను కుర్రాణ్ణి అడిగాను, "నీ క్లాసులో ఎంతమంది?" అని. అరవై మంది. "ఎంతమంది నంబర్లున్నాయి నీ దగ్గర?" నాలుగు. నలుగురూ మన తెలుగు పిల్లలే, నలుగురూ ఖాళీగానే ఉన్నారు! మిగతా యాభై అయిదు మంది ఒడియా పిల్లలు ఎక్కడెక్కడ పని చేస్తున్నారో అతనికి తెలియదు.

కాబట్టి ఫోన్ చేతిలో ఉన్న పిల్లలు ముందు చేయవలసిన పని వెబ్‌సైట్లు వెతకడం కాదు. క్లాసు జాబితా రాసుకోవడం. ఎవరు ఎక్కడున్నారో లింక్డిన్‌లోనో ఫేస్‌బుక్‌లోనో చూసి ఒక నోటుబుక్కులో ఎక్కించుకోవడం. తర్వాత వారానికి నలుగురికి రాయడం. రాసేటప్పుడు మన పాత అలవాటు చొప్పున 'ఏదైనా ఉంటే చూడు' అని రాయకూడదు. అలా రాస్తే అవతలివాడూ 'చూద్దాం' అనే రాస్తాడు. అడిగేది చిన్నదిగా, వాడు వెంటనే చేయగలిగేదిగా ఉండాలి. కుర్రాడి చేత నేను రాయించిన మాటలివి: "నేను కాలేజీలో నీ వెనక బెంచీలో కూర్చునేవాణ్ణి. బి.కాం. తర్వాత టాలీ నేర్చుకున్నాను, ఒక ఆడిటరు గారి దగ్గర మూడు నెలలు జీఎస్టీ రిటర్నులు చేశాను. మీ గోడౌన్‌లో స్టాకు లెక్కలు ఎవరు చూస్తారు? వారితో పది నిమిషాలు మాట్లాడే వీలుంటుందా?" దీన్ని ఒడియాలో రాయించాను. షోలాపూర్ పిల్లలు మరాఠీలోనూ, బెంగుళూరు పిల్లలు కన్నడంలోనూ రాస్తే బాగుంటుంది. అక్షరం తప్పు పోయినా ఫరవాలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగే తీరు తెలియకపోతే అడిగినా పెట్టదు.

ఇక ప్రకటనలు ఎక్కడ చూడాలంటారా. మా కాలంలో శనివారం వస్తే రైల్వే స్టేషను బుక్‌స్టాల్లో 'ఎంప్లాయ్‌మెంట్ న్యూస్' కోసం నిలబడేవాళ్ళం. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు రెన్యూవల్ తేదీ పుట్టినరోజు కన్నా బాగా గుర్తుండేది. ఎక్స్ఛేంజి పంపిన పేర్లనే తీసుకుంటే చాలదు, పత్రికల్లో కూడా ప్రకటించి అందరికీ అవకాశమివ్వాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖదేనని చాలామందికి తెలియదు. కార్డు పట్టుకుని పిలుపు కోసం ఎదురుచూసే కాలం అప్పుడే వెళ్ళిపోయింది, మన ఇళ్ళలో ఆలోచన మాత్రం వెళ్ళలేదు.

కేంద్ర కార్మిక శాఖ వారి నేషనల్ కెరీర్ సర్వీస్ 2015 జూలైలో మొదలయింది. పేరు నమోదుకు రుసుము లేదు. జిల్లా వారీగా వెతకవచ్చు. అక్కడ కనబడే ఉద్యోగాలన్నీ బంగారమని చెప్పను. చిన్న జీతాలవే ఎక్కువ. అయినా మొదటి ఏడాది అనుభవానికి చిన్నదే మేలు. 1997 నుంచి ఉన్న నౌకరీ డాట్ కామ్ లాంటి వాటిలో పెద్ద ఊళ్ళ ఉద్యోగాలు ఎక్కువ. వాటిలో పేరు పెట్టేటప్పుడు మన పిల్లలు ఒక పొరపాటు చేస్తారు: ఊరు అన్న చోట బెంగుళూరు అనో హైదరాబాద్ అనో రాస్తారు, గొప్పగా ఉంటుందని. స్థానికంగా మనిషి కావలసిన సంస్థ ఊరి పేరుతో వెతుకుతుంది. బరంపురంలో ఉంటే బరంపురం అనే, అదీ అధికారికంగా ఉన్న 'బ్రహ్మపూర్' అనే స్పెల్లింగుతో రాయాలి.

డిగ్రీ, డిప్లొమా వారికి నాట్స్ అనే అప్రెంటిస్ పోర్టల్, ఐ.టి.ఐ. వారికి అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్ ఉన్నాయి. రెంటికీ ఆధారం 1961 నాటి అప్రెంటిసుల చట్టమే. బ్యాంకులు కూడా ఈ మధ్య ఏడాది పాటు గ్రాడ్యుయేట్ అప్రెంటిసులను తీసుకుంటున్నాయి. స్టయిపెండు ఉంటుంది, ఏడాది తర్వాత ఉద్యోగమిస్తామన్న హామీ ఉండదు. ఈ రెండో ముక్క తల్లిదండ్రులు ముందే తెలుసుకుంటే తర్వాత మమ్మల్ని తిట్టరు.

చాలామంది వాడనిది ఇంకొకటుంది. ఫోన్‌లో మ్యాపు తెరిచి మన ఊరి చుట్టూ పాతిక కిలోమీటర్ల లోపల ఉన్న సంస్థలన్నీ రాసుకోవడం. మా వైపు గోపాల్‌పూర్ పారిశ్రామిక వాడ, ఛత్రపురం దగ్గర ఐ.ఆర్.ఇ.ఎల్. వారి ఆస్కామ్, మెడికల్ కాలేజీ, ఐసర్. హోసూరు వారికి సిప్కాట్ ఉండనే ఉంది. షోలాపూర్ వారికి టవళ్ళు ఎగుమతి చేసే సంస్థలున్నాయి. మగ్గం నడిపే చెయ్యి అవసరం తగ్గినా, ఎగుమతి కాగితాలు చూసే చెయ్యి అక్కడ కావాలి. పెద్ద సంస్థలకు వెబ్‌సైట్‌లో 'కెరీర్స్' పేజీ ఉంటుంది. చిన్న వాటికి బయట బోర్డు మీద ఫోన్ నంబరే ఉంటుంది. ఆ నంబరుకు ఫోన్ చేయడానికి మనవాళ్ళకు మొహమాటం. మొబైల్లో రెండు వందల దరఖాస్తులు నొక్కుతారు గానీ సైకిలు దూరంలో ఉన్న గేటు లోపలికి వెళ్ళరు.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. హోసూరు నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం నన్ను రెండు రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. వారింట్లో తెలుగు. వీధిలో తెలుగు, కన్నడం, తమిళం కలగలుపు. స్కూల్లో అమ్మాయికి ఇంగ్లీషు, హిందీ. తమిళం గలగలా మాట్లాడుతుంది, చదవడం రాయడం రాదు. ఒక బ్యాంకు క్లర్కు పరీక్షలో తమిళనాడు ఖాళీలకు దరఖాస్తు పెట్టి, రాత పరీక్షలన్నీ నెగ్గింది. చివర భాషా పరీక్షలో తమిళంలో ఒక పేరా చదివి, నాలుగు వాక్యాలు రాయమన్నారు. ఇంటికి వచ్చేసింది. "తెలుగు నిలబెట్టుకోవాలని ఇంత తాపత్రయపడ్డాం, ఇదా ఫలితం?" అని అడిగారా తల్లి.

అమ్మా, తెలుగు వల్ల పోలేదు. తమిళం స్థానంలో హిందీ తీసుకోవడం వల్ల పోయింది. క్లర్కు ఉద్యోగానికి ఏ రాష్ట్రంలో దరఖాస్తు పెడితే ఆ రాష్ట్ర అధికార భాష చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి. స్టేట్ బ్యాంకు వారి ప్రకటనల్లోనయితే, పదో తరగతి గానీ పన్నెండో తరగతి గానీ మార్కుల షీటులో ఆ భాష ఒక సబ్జెక్టుగా ఉంటే భాషా పరీక్ష రాయనవసరం లేదు. అంటే ఎనిమిదో తరగతిలో 'సంస్కృతమైతే మార్కులు బాగా వస్తాయి' అని మనం తీసుకునే నిర్ణయం, పన్నెండేళ్ళ తర్వాత ఆ పిల్ల ఉద్యోగం మీదికి వస్తుందన్నమాట. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల ప్రకటనల్లోనూ ఒడియా ఒక భాషగా చదివి పాసై ఉండాలని, లేకపోతే శాఖ పెట్టే పరీక్ష పాసవ్వాలని షరతు ఉంటుంది. తమిళనాడు సర్వీసు కమిషన్ పరీక్షల్లో తమిళ అర్హత పేపరుకు నూటికి 40 రాకపోతే మిగతా పేపర్లు దిద్దరు. యానాంలో తెలుగుకు అధికార హోదా ఉన్నా, పుదుచ్చేరి ప్రాంతం మొత్తానికి తమిళం ముఖ్యం. కాబట్టి ప్రకటనలో ఏ భాష రాశారో చూసుకునే ఫీజు కట్టండి.

హోసూరు అమ్మాయి చిన్నది, ఇంకా వయసుంది. ఆరు నెలలు కూర్చుంటే తమిళం రాయడం వస్తుంది. మాట్లాడటం వచ్చినవారికి లిపి ఎంతసేపు? పక్కింటి టీచరమ్మ దగ్గరికి పంపమని రాశాను.

ఇంకో మాట. మన పిల్లలు బయోడేటాలో మాతృభాష తెలుగని రాయడానికి ఎందుకో వెనకాడతారు. తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు నాలుగూ వచ్చిన మనిషి ఇచ్ఛాపురం సరిహద్దు వ్యాపారాలకు ఎంత అవసరమో కౌంటరులో కూర్చుంటే నాకు రోజూ కనబడుతుంది. ఏ భాష మాట్లాడగలరో, ఏది చదవగలరో, ఏది రాయగలరో విడివిడిగా రాయండి.

కొందరు ఇవన్నీ తప్పించుకుందామని శ్రీకాకుళం, విశాఖ వైపు చూస్తారు. 'మనం తెలుగువాళ్ళం కదా, అక్కడ మన పిల్ల స్థానికురాలే' అనుకుంటారు. అది పొరపాటు. ఆంధ్రలో గానీ తెలంగాణలో గానీ రాష్ట్ర ఉద్యోగాలకు స్థానికత రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం లెక్క కడతారు. చూసేది ముఖ్యంగా ఎక్కడ చదివారన్నది, ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్నది కాదు. కులపత్రం సంగతీ అంతే. అక్కడ బి.సి. జాబితాలో ఉన్న కులం ఇక్కడి జాబితాలో ఉండకపోవచ్చు, కేంద్ర జాబితా మళ్ళీ వేరు. తహసీల్దారు కార్యాలయంలో ముందే కనుక్కోండి, ఆఖరి తేదీ ముందు రోజు కాదు.

పేర్ల గొడవ మన జాతికి ప్రత్యేకం. మన ఇంటిపేరు ముందు వస్తుంది. ఇక్కడి ఫారాల్లో చివర రావాలి. మహారాష్ట్రలో నడుమ తండ్రి పేరు అడుగుతారు, తమిళనాడులో ఇనీషియల్ ఒకటే రాసి ఊరుకుంటారు. ఫలితంగా ఒకే పిల్లవాడు పదో తరగతి సర్టిఫికెట్టులో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాన్ కార్డులో మరొకలా ఉంటాడు. పరీక్ష హాలు గుమ్మం దగ్గర కాల్‌లెటరులో పేరూ గుర్తింపు కార్డులో పేరూ సరిపోలకపోతే వెనక్కి పంపేస్తారు. పదో తరగతి సర్టిఫికెట్టును ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిపోయేటట్టు దిద్దించుకోవడం ఉత్తమం. అయితే ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. తొందరపడి వాడేసుకోకండి. సెలవుల్లో, పిల్లవాడు ఇంటర్ చదువుతుండగానే, ఈ పని పూర్తిచేసుకుంటే మంచిది. మా అమ్మాయి విషయంలో నేనే ఆలస్యం చేసి నానా తిప్పలూ పడ్డాను. ఇంటిపేరులో ఒక్క 'హెచ్' అక్షరం కోసం మూడుసార్లు తిరిగాం.

మోసాల గురించి మళ్ళీ చెప్పక తప్పదు. ఉద్యోగమిచ్చేవాడు జీతమిస్తాడు, డబ్బు అడగడు. పరీక్ష ఫీజు వేరు. అది అధికారిక వెబ్‌సైట్‌లోనే కడతాం. ట్రైనింగు డిపాజిట్టు, లాప్‌టాప్ సెక్యూరిటీ, మెడికల్ చార్జీ, వెరిఫికేషన్ ఖర్చు, ఏ పేరుతో అడిగినా అది మోసమే. ప్రభుత్వ వెబ్‌సైట్ల చిరునామా చివర సాధారణంగా డాట్ గవ్ డాట్ ఇన్ గానీ డాట్ నిక్ డాట్ ఇన్ గానీ ఉంటుంది. బ్యాంకులు తమ చిరునామాలను 2025 అక్టోబరు ఆఖరులోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది కాబట్టి బ్యాంకు ఉద్యోగమని చెప్పే లింకు చివర అదుందో లేదో చూడండి. విదేశాల మాట వస్తే ఇంకా జాగ్రత్త. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి కుర్రాళ్ళను కంబోడియా పంపించి, అక్కడ వారి చేతనే సైబర్ మోసాలు చేయిస్తున్నారని 2024 మే నెలలో విశాఖ పోలీసులు కొందరు ఏజెంట్లను అరెస్టు చేశారు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు. లైసెన్సున్న ఏజెంటు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప ఎక్కువ తీసుకోకూడదు.

ఒకవేళ మోసపోతే సిగ్గుపడి దాచుకోకండి. మొదటి గంటల్లో 1930కి ఫోన్ చేస్తే డబ్బు ఆగే అవకాశం ఉంటుంది. వారం తర్వాత మాకు చెప్పి లాభం లేదు. మీ ఖాతా, మీ ఏ.టి.ఎం. కార్డు, మీ పేరున ఉన్న సిమ్ము ఎవరికీ అద్దెకివ్వకండి. అడిగేది మేనల్లుడైనా సరే.

ఇంట్లో కూర్చుని సొంత పని చేసుకోదలచినవారికి ఆర్‌సెటీలు ఉన్నాయి. ఉజిరెలో 1982లో ధర్మస్థల వారూ రెండు బ్యాంకులూ కలిసి మొదలుపెట్టిన రుడ్‌సెటీ నమూనాలో ఇప్పుడు దేశమంతటా జిల్లాకొకటి చొప్పున బ్యాంకులు నడుపుతున్నాయి. శిక్షణ, భోజనం, వసతి ఉచితం. దీని గురించి విడిగా ఒకసారి రాస్తాను.

మా వీధి కుర్రాడి సంగతి చెప్పి ముగిస్తాను. ఫిర్యాదు వచ్చిన రాష్ట్రానికి తండ్రీకొడుకులు రెండుసార్లు రైల్లో వెళ్ళి వాంగ్మూలం ఇచ్చి వచ్చారు. వివాదంలో ఉన్న మొత్తం మీద హోల్డు ఇంకా తీయలేదు. చీటీ డబ్బు మాత్రం వాడుకోనిచ్చారు, అప్పటికి ఫీజు గడువు దాటింది. ఫీజుకు సంఘం సభ్యులు కొందరు సర్దారు. నోటుబుక్కులో రాసుకున్న ఒడియా క్లాస్‌మేట్లలో పదకొండో వాడు జవాబిచ్చాడు. అతని మేనమామకు గోపాల్‌పూర్ రోడ్డులో రవాణా వ్యాపారం. లారీల డీజిలు లెక్కలు, జీఎస్టీ కాగితాలు చూడటానికి మనిషి కావాలట. జీతం 13,500. కిందటి నెల చేరాడు. జీతం వేయడానికి వాళ్ళు ఖాతా నంబరు అడిగితే నన్ను అడిగి మరీ ఇచ్చాడు.

ఇకమీదట ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా మన బరంపురం సంఘం హాల్లో నేనూ, పదవీ విరమణ చేసిన మరో ఇద్దరు మిత్రులూ కూర్చుంటాం. పిల్లలు సర్టిఫికెట్లు, ఆధార్, పాన్, క్లాసు జాబితా తెచ్చుకోవాలి. తల్లిదండ్రులు రానవసరం లేదు, వస్తే బయట వరండాలో కాఫీ ఉంటుంది. మిగతా ఊళ్ళ శాఖల వారు కూడా ఇలా ఏర్పాటు చేసుకుంటే తేదీలు సంపాదకులకు పంపండి, వేస్తారు.

టి.డి.ఎస్. గురించి అడిగిన ముగ్గురికీ విడిగా జవాబులు రాశాను. వచ్చే సంచికలో లాకర్ల సంగతి.